లైసెన్సు ఒక్కటే చూసి నమ్మకండి, పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయో చూడండి

మీరు అడిగినదాంట్లో మూడు ప్రశ్నలు కలిసిపోయాయి. ఓపెన్ సోర్స్ కోడ్ (ఎవరైనా చూసి, వాడుకుని, మార్చుకునేలా విడుదల చేసే కోడ్) రాసేవాళ్లలో ఎక్కువ మంది పెద్ద కంపెనీల ఉద్యోగులే అయినప్పుడు ఆ పాత సంస్కృతి ఇంకా మిగిలి ఉందా అన్నది మొదటిది. ఇవాళ స్వేచ్ఛగా దొరికే డేటాబేస్ మీద మీ ఉత్పత్తిని కట్టాక, రేపు దాని లైసెన్సు మార్చేస్తే మీ గతేమిటన్నది రెండోది. మీరు తీరిక వేళల్లో ప్యాచ్‌లు (కోడ్‌కు మార్పులు) పంపే ప్రాజెక్టు వెనకున్న కంపెనీ ఒక ఒప్పందంపై సంతకం అడుగుతోంది, చేయాలా వద్దా అన్నది మూడోది. చాలా ఏళ్లుగా సర్వర్లు, డేటాబేస్‌లు నడుపుతూ, అప్పుడప్పుడు వాటి కోడ్‌లో వేలు పెడుతూ వచ్చినవాడిగా నాకు తోచింది చెబుతాను.

కంపెనీల డబ్బు రావడం వల్ల ఓపెన్ సోర్స్ చెడిపోయిందని నేను అనుకోను. ఒక ప్రాజెక్టు పగ్గాలన్నీ ఒకే కంపెనీ చేతికి చిక్కినప్పుడు మాత్రం, లైసెన్సు ఎంత ఉదారంగా ఉన్నా దాన్ని నమ్ముకున్నవాళ్లకు భరోసా తక్కువ. కాబట్టి ‘ఇది ఓపెన్ సోర్సా, కాదా’ అన్న దగ్గర ఆగిపోకండి. దీని నియమాలను ఎవరినీ అడగకుండా మార్చగల శక్తి ఎవరికుంది, మారిస్తే నేను బయటపడడానికి ఎంత ఖర్చవుతుంది అని అడగండి.

ముందు ఆ ‘పాత సంస్కృతి’ సంగతి. జీతం లేకుండా రాత్రిళ్లు కోడ్ రాసే ఒంటరి ప్రోగ్రామర్ బొమ్మ 1991కి సరిపోతుంది. ఆ ఏడాది ఆగస్టు 25న లినస్ టోర్వాల్డ్స్, తర్వాత లినక్స్‌గా పేరుపడిన తన ఆపరేటింగ్ సిస్టం గురించి ప్రకటిస్తూ ఇది కేవలం సరదాకి చేస్తున్నదని రాశాడు. పదేళ్లు తిరక్కుండానే ఐబీఎం లినక్స్ మీద వంద కోట్ల డాలర్లు పెడతానని ప్రకటించింది. ఇవాళ లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లోకి వచ్చే మార్పుల్లో అత్యధిక భాగం ఇంటెల్, రెడ్ హ్యాట్, గూగుల్, ఏఎండీ, హువావే వంటి సంస్థల్లో జీతం తీసుకునే ఇంజినీర్లవే. అయినా కెర్నెల్ ఏ ఒక్క కంపెనీ మాటా వినదు. ఇంటెల్ ఇంజినీరు పంపిన ప్యాచ్‌ను వేరే కంపెనీ ఇంజినీరు తిప్పి పంపుతాడు, అందరూ చూసే మెయిలింగ్ లిస్టులో కారణాలు అడుగుతాడు. జీతమిచ్చేది కంపెనీయే అయినా, మెయింటైనర్‌గా, అంటే ఏ మార్పు చేరాలో తేల్చేవాడిగా, ఉండే హోదా మాత్రం మనిషిది. ఉద్యోగం మారితే ఆ హోదా అతనితో పాటే వెళ్తుంది. నా లెక్కలో సంస్కృతి అంటే ఇదే, ఇది బతికే ఉంది. కాకపోతే అన్ని చోట్లా లేదు.

కంపెనీలు ఎందుకు ఇస్తాయన్నది కూడా తేటగా చూడాలి. సర్వర్లు అమ్మేవాడికి ఆపరేటింగ్ సిస్టం ఉచితమైతే లాభం. ప్రకటనలు అమ్మేవాడికి బ్రౌజర్ ఉచితమైతే లాభం. క్లౌడ్ అద్దెకిచ్చేవాడికి డేటాబేస్ ఉచితమైతే లాభం. తన సరుకుకు తోడుగా కావలసినది చవకైతే సరుకుకు గిరాకీ పెరుగుతుంది. ఒక కంపెనీ ఏం తెరిచిందో అది ప్రకటనల్లో చెబుతుంది. ఏం మూసి ఉంచిందో మీరే వెతుక్కోవాలి, వ్యాపారం ఉండేది అక్కడే. గూగుల్ ఆండ్రాయిడ్ కోడ్, క్రోమ్ బ్రౌజర్‌కు మూలమైన క్రోమియం కోడ్ ఇచ్చింది. శోధన ఫలితాల వరుసను నిర్ణయించే కోడ్ ఇవ్వలేదు. మైక్రోసాఫ్ట్ విజువల్ స్టూడియో కోడ్ అనే ఎడిటర్ మూలాన్ని ఉదారమైన ఎంఐటీ లైసెన్సుతో పెట్టింది. కానీ మీరు డౌన్‌లోడ్ చేసుకునే తయారైన ప్రోగ్రాం వేరే లైసెన్సుతో వస్తుంది, ఎక్స్‌టెన్షన్ల అంగడిని ఇతరుల ఎడిటర్లు వాడుకోవడానికి షరతులు ఒప్పుకోవు. వీఎస్‌కోడియం అనే ప్రత్యామ్నాయం పుట్టింది అందుకే.

మైక్రోసాఫ్ట్ అంటే గుర్తొచ్చింది. 2001లో ఆ సంస్థ అధిపతి స్టీవ్ బాల్మర్ లినక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చాడు. 2018లో అదే సంస్థ ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే వేదిక గిట్‌హబ్‌ను 750 కోట్ల డాలర్లకు కొన్నది. మనసు మారిందని మురిసిపోయినవాళ్లను చూశాను, కపటమని తిట్టినవాళ్లనూ చూశాను. రెండూ అనవసరం. విండోస్ లైసెన్సులు అమ్ముకునే రోజుల్లో లినక్స్ పోటీదారు. గంటల లెక్కన సర్వర్లు అద్దెకిచ్చే రోజుల్లో అదే ముడిసరుకు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. వ్యాపారం మళ్లీ మారితే వైఖరీ మళ్లీ మారుతుందని మాత్రం గుర్తుంచుకోండి.

ఇక పగ్గాల సంగతి. మొదటిది కాపీరైటు. దీని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే 2018 నుంచి జరుగుతున్న లైసెన్సు గొడవల్లో చాలావాటికి మూలం ఇక్కడే.

లైసెన్సు అంటే కాపీరైటు ఉన్నవాడు మిగతావాళ్లకు ఇచ్చే అనుమతి. ఇప్పటికే విడుదలైన కోడ్‌కు ఇచ్చిన అనుమతి మీ దగ్గరే ఉంటుంది. రేపు రాయబోయే కోడ్‌ను వేరే షరతులతో ఇస్తానంటే మాత్రం హక్కుదారుడిని ఆపేవాళ్లు లేరు. కాబట్టి ఎంత మంది హక్కుదారులున్నారన్నదే అసలు విషయం. లినక్స్ కెర్నెల్‌లో ఎవరు రాసిన ముక్కకు వాళ్లే హక్కుదారులు. వేల మంది వ్యక్తులు, ఎన్నో కంపెనీలు. కెర్నెల్ వాడే జీపీఎల్ అనే లైసెన్సుకు 2007లో మూడో వెర్షన్ వచ్చినప్పుడు టోర్వాల్డ్స్‌కు అది నచ్చలేదు. నచ్చి ఉన్నా అంతమంది నుంచి అనుమతి తెచ్చి మార్చడం దాదాపు అసాధ్యం. పరిపాలన పరంగా ఇది పెద్ద తలనొప్పి. ఆ తలనొప్పే కెర్నెల్‌ను ఎవరూ కొనుక్కోలేని స్థితిలో ఉంచుతోంది.

ఒక కంపెనీ పెట్టిన ప్రాజెక్టులో కథ వేరు. బయటివాళ్లు ప్యాచ్ పంపేముందు కంట్రిబ్యూటర్ లైసెన్స్ అగ్రిమెంట్, అంటే సీఎల్ఏ మీద సంతకం చేయాలి. మీ చేతికొచ్చింది బహుశా ఇదే. ఇందులో సాధారణంగా మీ కోడ్‌ను తమకు నచ్చిన ఏ లైసెన్సు కిందైనా ఇచ్చుకునే హక్కును కంపెనీకి రాసిస్తారు. మీకు దక్కేది అందరికీ ఉన్న లైసెన్సు, కంపెనీకి దక్కేది అంతకంటే ఎక్కువ. ఆ అసమానతే భవిష్యత్తులో లైసెన్సు మార్చడానికి దారి.

అలాగని సీఎల్ఏ అడిగిన ప్రతివాడూ మోసగాడు కాడు. అపాచీ ఫౌండేషన్ కూడా సంతకం అడుగుతుంది. అది లాభాపేక్ష లేని సంస్థ, కోడ్‌ను అమ్ముకునే ఉద్దేశం దాని నిబంధనల్లోనే లేదు. కెర్నెల్ వాళ్లు 2004 నుంచి ఇంకా సరళమైన పద్ధతి పాటిస్తున్నారు: ఈ కోడ్ పంపే హక్కు నాకుంది అని ప్యాచ్ కింద ఒక వాక్యం రాసి పేరు పెడితే చాలు, అదనంగా ఏ హక్కూ ఎవరికీ పోదు. దీన్ని డీసీఓ అంటారు. మీ విషయంలో నా సలహా ఇది. దోషాలు సరిచేసే చిన్న ప్యాచ్‌లైతే సంతకం చేసి పంపండి, ఆ కోడ్‌ను మీరే మోసుకుంటూ తిరగడం కంటే అది నయం. నెలల తరబడి శ్రమించి ఒక పెద్ద భాగమే రాయబోతున్నారనుకోండి, అడుగుతున్నది ఒంటరి కంపెనీ అయితే, ఒప్పందంలో ‘ఏ షరతులపైనైనా’ అన్న అర్థం వచ్చే వాక్యం ఉందేమో వెతకండి. ఉంటే, ఆ శ్రమను రేపు ఎవరు అమ్ముకున్నా మీకు అభ్యంతరం లేదనుకుంటేనే ముందుకెళ్లండి. మరో సంగతి కూడా చాలామంది మరిచిపోతారు: మీ ఉద్యోగ ఒప్పందం తీసి చదవండి. తీరిక వేళ రాసిన కోడ్ కూడా తమదేనని చెప్పే యాజమాన్యాలున్నాయి. అలాంటప్పుడు సంతకం పెట్టే హక్కే మీకు ఉండకపోవచ్చు.

సీఎల్ఏ లేకపోయినా ఒక దారి ఉంది. బీఎస్‌డీ, ఎంఐటీ, అపాచీ వంటి ఉదార లైసెన్సులతో ఉన్న కోడ్‌ను ఎవరైనా తీసుకుని, దానికి తమ కొత్త కోడ్ చేర్చి, మొత్తాన్ని మూసిన షరతులతో ఇవ్వవచ్చు. పాత రచయితల పేర్లు ఉంచితే సరిపోతుంది. జీపీఎల్ దీన్ని ఒప్పుకోదు, మార్చి పంచేవాడు తన మార్పులనూ అదే షరతులతో ఇవ్వాలంటుంది. లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రూటర్‌లో లినక్స్ ఉందని 2003లో బయటపడినప్పుడు ఆ కంపెనీ సోర్స్ కోడ్ ఇవ్వాల్సి వచ్చింది జీపీఎల్ వల్లనే. రూటర్లకు వాడే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఆ కోడ్ నుంచే పుట్టింది. అదే బీఎస్‌డీ కోడ్ అయ్యుంటే అడిగే హక్కు ఎవరికీ ఉండేది కాదు.

2018 నుంచి ఏం జరిగిందో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. మాంగోడీబీ అనే డేటాబేస్ కంపెనీ ఆ ఏడాది అక్టోబర్‌లో, జీపీఎల్ కుటుంబానికే చెందిన ఏజీపీఎల్ వదిలి ఎస్‌ఎస్‌పీఎల్ అనే సొంత లైసెన్సు తెచ్చింది. ఈ డేటాబేస్‌ను సేవగా అమ్మేవాడు ఆ సేవ నడపడానికి వాడే మొత్తం సాఫ్ట్‌వేర్‌ను బయటపెట్టాలన్నది దాని సారం. ఆచరణలో ఏ క్లౌడ్ కంపెనీ కూడా చేయలేని పని అది. ఓపెన్ సోర్స్ నిర్వచనాన్ని కాపాడే ఓఎస్‌ఐ సంస్థ దీన్ని ఓపెన్ సోర్స్‌గా గుర్తించలేదు. 2021 జనవరిలో ఎలాస్టిక్‌సెర్చ్ అనే శోధన సాఫ్ట్‌వేర్ అదే బాట పట్టింది. విచిత్రమేమిటంటే, అపాచీ లైసెన్సుతో ఉన్న తమ కోడ్ షరతులను ఎన్నటికీ మార్చబోమని దాని యజమాని ఎలాస్టిక్ కంపెనీ 2018లోనే బహిరంగంగా రాసింది. 2023 ఆగస్టులో హాషికార్ప్ కంపెనీ, క్లౌడ్ సర్వర్లను సిద్ధం చేసే తన టెర్రాఫామ్‌ను, 2024 మార్చిలో రెడిస్ కంపెనీ తన డేటాబేస్‌ను అలాగే మార్చాయి. ఏరు దాటాక తెప్ప తగలేశారని వాడుకరులు తిట్టిపోశారు.

తిట్టడంలో న్యాయముంది కానీ ఆ కంపెనీల గోడు కూడా అబద్ధం కాదు. సొమ్మొకడిది, సోకొకడిది. ఏళ్ల తరబడి ఇంజినీర్లకు జీతాలిచ్చి ఒక డేటాబేస్ తయారుచేస్తే, అమెజాన్ వంటి క్లౌడ్ సంస్థ దాన్ని ఉచితంగా తీసుకుని, తన పేరుతో అద్దెకిచ్చి, తయారుచేసినవాడికంటే ఎక్కువ గడిస్తుంది. చట్టప్రకారం తప్పు లేదు, లైసెన్సు ఇచ్చిందే అందుకు. అయితే ఈ ప్రమాదం మొదటిరోజే తెలిసినదే. మొదట్లో ఉదార లైసెన్సు పెట్టుకున్నదీ త్వరగా వ్యాపించాలనే. వ్యాపించడానికి ఉదారత, సంపాదించడానికి ఆంక్ష: రెండూ కావాలనడమే నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

తర్వాత జరిగింది ఇంకా ఆసక్తికరం. ఎలాస్టిక్‌సెర్చ్‌కు పోటీగా అమెజాన్ ఓపెన్‌సెర్చ్ పెట్టింది. టెర్రాఫామ్ పాత కోడ్ నుంచి ఓపెన్‌టోఫు వచ్చి లినక్స్ ఫౌండేషన్‌లో చేరింది. రెడిస్ లైసెన్సు మారిన కొద్ది రోజుల్లోనే దాని పాత కోడ్‌తో వాల్కీ ప్రారంభమైంది. దాని వెనక అమెజాన్, గూగుల్, ఒరాకిల్, ఎరిక్సన్ ఉన్నాయి. కొంతకాలానికి ఎలాస్టిక్ 2024లో, రెడిస్ 2025లో తమ లైసెన్సుల్లో ఓపెన్ సోర్స్ లైసెన్సు అయిన ఏజీపీఎల్‌ను చేర్చుకున్నాయి. అంటే ఫోర్క్, పాత కోడ్‌ను విడదీసి వేరే ప్రాజెక్టుగా నడిపే ఆయుధం, పనిచేసింది. ఆ ఆయుధం ఎత్తింది ఎవరో చూడండి. స్వచ్ఛందంగా ప్యాచ్‌లు పంపే మీలాంటివాళ్లు కాదు. ఇతర కంపెనీలు, వాటిలో అమెజాన్ వంటివి ఇంకా పెద్దవి. లక్షల వరుసల కోడ్‌ను విడగొట్టి, భద్రతా లోపాలు సరిచేస్తూ, పరీక్షలు నడుపుతూ, రిలీజులు ఇస్తూ పోవడానికి పూర్తికాలపు ఇంజినీర్లు కావాలి. ఫోర్క్ చేసే హక్కు అందరికీ ఉంది, స్తోమత కొందరికే. కంపెనీకీ సమాజానికీ మధ్య పోరు అని మనం అనుకునేవాటిలో చాలావరకు ఒక కంపెనీకీ మరో కంపెనీకీ మధ్య పోరే.

మినహాయింపులు లేకపోలేదు, వాటిలో నాకు ఇష్టమైనది బ్లెండర్. త్రీడీ బొమ్మల ఈ ప్రోగ్రాంను తయారుచేసిన సంస్థ 2002లో మూతపడింది. లక్ష యూరోలిస్తే కోడ్‌ను వదులుకుంటామని పెట్టుబడిదారులు ఒప్పుకున్నారు. వాడుకరుల చందాలతో కొద్ది వారాల్లోనే ఆ మొత్తం సమకూరింది, అదే ఏడాది అక్టోబర్‌లో కోడ్ జీపీఎల్ కింద విడుదలైంది. ఇవాళ పెద్ద కంపెనీలు కూడా బ్లెండర్ నిధికి డబ్బిస్తాయి, నిర్ణయాలు ఫౌండేషన్‌వి.

రెండో పగ్గం పేరు. ట్రేడ్‌మార్కు విలువ కోడ్‌ను విడగొట్టినరోజు దాకా ఎవరికీ తెలియదు. 2010లో ఒరాకిల్ సన్ మైక్రోసిస్టమ్స్‌ను కొన్నాక దాని చేతిలో ఉన్న ఓపెన్‌ఆఫీస్ అనే ఆఫీసు పనుల సాఫ్ట్‌వేర్ రచయితల్లో ముఖ్యులు బయటికొచ్చి లిబ్రెఆఫీస్ మొదలుపెట్టారు. పాత పేరు ఇమ్మని అడిగినా దక్కలేదు. మరుసటి ఏడాది ఒరాకిల్ ఆ పేరును, కోడ్‌ను అపాచీకి అప్పగించింది. పని జరుగుతున్నది లిబ్రెఆఫీస్‌లో అయినా, పాత పేరు మాత్రమే తెలిసినవాళ్లు ఏళ్ల తర్వాత కూడా ఓపెన్‌ఆఫీస్‌నే వెతుక్కుని దించుకుంటూ వచ్చారు. కోడ్ నుంచి ప్రోగ్రాంలు తయారుచేసే హడ్సన్ అనే బిల్డ్ సర్వర్‌కూ అదే యజమానితో పేరు గొడవ వచ్చి 2011లో జెంకిన్స్‌గా మారింది, అదృష్టం కొద్దీ జనం కూడా వెంటే కదిలారు. 2024లో వెబ్‌సైట్లు కట్టే వర్డ్‌ప్రెస్ చుట్టూ రేగిన వివాదంలోనూ ట్రేడ్‌మార్కే ముందుకొచ్చింది.

మూడోది కోడ్ బయట ఉండే నియంత్రణ. నా దృష్టిలో లైసెన్సు మార్పులకన్నా ఇదే ప్రమాదకరం, ఎందుకంటే దీనికి లైసెన్సు మార్చాల్సిన పనే లేదు. ఆండ్రాయిడ్‌ను చూడండి. మూల కోడ్ అపాచీ లైసెన్సుతో ఎవరికైనా దొరుకుతుంది. కానీ ప్లే స్టోర్, మ్యాపులు, నోటిఫికేషన్లు మోసుకొచ్చే ప్లే సర్వీసెస్ గూగుల్ సొత్తు. వాటిని తన ఫోన్లలో పెట్టుకోవాలనుకునే తయారీదారు, గూగుల్ ఆమోదించని ఆండ్రాయిడ్ రూపంతో ఒక్క ఫోను కూడా అమ్మకూడదని ఒప్పందాలు ఉండేవి. యూరోపియన్ కమిషన్ 2018లో 434 కోట్ల యూరోల జరిమానా వేసిన కారణాల్లో ఇదొకటి. 2019లో అమెరికా ఆంక్షల వల్ల హువావేకు గూగుల్ సేవలు ఆగిపోయినప్పుడు ఆండ్రాయిడ్ కోడ్‌ను దాని దగ్గర నుంచి ఎవరూ లాక్కోలేదు, లాక్కోలేరు కూడా. అయినా చైనా బయట ఆ కంపెనీ ఫోన్ల వ్యాపారం కుదేలైంది. 2025లో గూగుల్ మరో అడుగు వేసింది: ఆండ్రాయిడ్ అభివృద్ధి పూర్తిగా లోపలే జరుగుతుంది, రిలీజు అయ్యాక కోడ్ బయటికొస్తుంది. లైసెన్సులో ఒక్క అక్షరం మారలేదు. వంట పూర్తయ్యాక వడ్డిస్తారు, వంటింట్లోకి మాత్రం రానివ్వరు.

అయితే లోపలికి రానివ్వకపోవడం ఒక్కటే నేరం కాదని చెప్పాలి. ఎస్‌క్యూలైట్ ప్రపంచంలో అత్యధికంగా వాడే డేటాబేస్‌లలో ఒకటి, పూర్తిగా పబ్లిక్ డొమైన్, అంటే దానికి కాపీరైటు షరతులే లేవు. దాన్ని రాసే చిన్న బృందం బయటివాళ్ల ప్యాచ్‌లు తీసుకోదు. కానీ మీ ఫోనులో దాన్ని పనిచేయనివ్వకుండా చేయగల మరో తాళం వాళ్ల దగ్గర లేదు. ఆండ్రాయిడ్‌కూ దీనికీ తేడా అక్కడుంది.

కోడ్ నిలవుండే చోటు కూడా ఇదే కోవలోకి వస్తుంది. కెర్నెల్ బృందం 2002 నుంచి కోడ్ మార్పుల చరిత్రను భద్రపరిచే బిట్‌కీపర్ అనే మూసిన సాఫ్ట్‌వేర్‌ను ఉచిత లైసెన్సుతో వాడుకునేది. 2005లో యజమాని ఆ సౌకర్యాన్ని ఉపసంహరించుకున్నాడు. ఆ ఏప్రిల్‌లోనే టోర్వాల్డ్స్ దానికి బదులుగా గిట్ రాయడం మొదలుపెట్టాడు. ప్రతివాళ్ల కంప్యూటర్‌లోనూ పూర్తి చరిత్ర ఉండాలి, కేంద్రం అక్కర్లేదు అన్నది దాని మూల సూత్రం. తీరా మనమందరం వెళ్లి ఒకే కంపెనీ నడిపే గిట్‌హబ్‌లో కూర్చున్నాం. 2019లో ఇరాన్, సిరియా, క్రిమియాల్లోని ప్రోగ్రామర్ల ఖాతాలపై అక్కడ ఆంక్షలు పడినప్పుడు కోడ్ చరిత్ర వాళ్ల దగ్గరే ఉంది. బగ్ చర్చలు, ప్యాచ్ సమీక్షలు మాత్రం గిట్‌లో ఉండవు, వాటికి ఆ గడప దాటాల్సిందే.

నాలుగోది మనుషుల సమయం. ఇక్కడ బెడద పెత్తనం వల్ల రాదు, పట్టించుకోకపోవడం వల్ల వస్తుంది. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడేనాటికి ఇంటర్నెట్‌లో చాలా తాళాలు, సంభాషణలను గుప్తీకరించే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే లైబ్రరీ మీద నడుస్తున్నాయి. దానికి పూర్తికాలం పనిచేసేది ఒక్క మనిషి, ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లు. ఆ తర్వాత కంపెనీలు నిధి పెట్టాయి. కానీ అలాంటి లైబ్రరీలు ఇంకెన్నో ఉన్నాయి.

వాటిలో ఒకటి ఎక్స్‌జెడ్. ఫైళ్లను కుదించే ఈ లైబ్రరీని చాలా ఏళ్లుగా ఒక్కరే, జీతం లేకుండా చూసుకునేవారు. 2021 నుంచి ‘జియా టాన్’ అనే పేరుతో ఎవరో మంచి ప్యాచ్‌లు పంపడం మొదలుపెట్టారు. 2022లో కొత్త కొత్త పేర్లతో కొందరు మెయిలింగ్ లిస్టులోకి వచ్చి, ప్రాజెక్టు నత్తనడక నడుస్తోందని, ఇంకొకరికి అప్పగించమని సతాయించారు. తన మానసిక ఆరోగ్యం బాగాలేదనీ, ఇది డబ్బు రాని పననీ ఆ మెయింటైనర్ అక్కడే రాసుకున్నాడు. చివరికి జియా టాన్‌కు రిలీజు ఇచ్చే అధికారం దక్కింది. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో, దూరం నుంచి లాగిన్ అవడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా సర్వర్లలోకి దొంగచాటుగా ప్రవేశించే దారి దాగి ఉంది. ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజినీరు తన యంత్రంలో లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వి, మార్చి 29న దాన్ని బయటపెట్టాడు. ఇంకొన్ని వారాలు ఆలస్యమైతే ప్రధాన లినక్స్ పంపిణీల స్థిర వెర్షన్లలోకి చేరేది. ఫ్రోయిండ్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్ రచయితల్లో ఒకడు, జీతం మైక్రోసాఫ్ట్‌ది.

ఈ కథను రెండు పక్షాలూ తమకు అనుకూలంగా చెప్పుకున్నాయి. కోడ్ తెరిచి ఉండబట్టే దొరికిందని ఒకరు, తెరిచి ఉండబట్టే దొంగ చొరబడ్డాడని మరొకరు. నాకు కనబడేది ఆ లిస్టులో జరిగిన సతాయింపు. ఆ లైబ్రరీని వాడుకుని కోట్లు గడించిన సంస్థల్లో ఏ ఒక్కటైనా అప్పటికి ఒక ఇంజినీరును అక్కడ కూర్చోబెట్టి ఉంటే, అపరిచితుడికి తాళాలు ఇవ్వాల్సిన అవసరమే వచ్చేది కాదు.

కృత్రిమ మేధ మోడళ్ల గురించి మీరు అడగలేదు గానీ, ‘ఓపెన్’ అన్న ముద్ర అక్కడ మరీ వదులుగా వాడుతున్నారు కాబట్టి ఒక్క మాట. మెటా లామా మోడళ్ల బరువులు, అంటే శిక్షణలో అవి నేర్చుకున్న సంఖ్యలు, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. కానీ నెలకు 70 కోట్ల మందికి పైగా వాడుకరులున్న సంస్థలు ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాలి, శిక్షణకు వాడిన డేటా బయటికి రాదు. దాన్ని మీరు నడపగలరు, కొంత మలచుకోగలరు. మొదటి నుంచి మళ్లీ తయారుచేయలేరు. ఉపయోగపడితే వాడుకోండి, ఓపెన్ సోర్స్ అని మాత్రం లెక్కలో రాసుకోకండి.

ఇక మీ ఉత్పత్తికి డేటాబేస్ ఎంపిక. మీ అవసరాలకు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ సరిపోతే మరో ఆలోచన లేకుండా దాన్ని తీసుకోండి అంటాను. దాని లైసెన్సు చాలా ఉదారం, ఎవరైనా తీసుకుని మూసేసుకోవచ్చు; అయినా ఎన్నో ఏళ్లుగా ఎవరూ దాన్ని సొంతం చేసుకోలేకపోయారు. రచయితలు అనేక కంపెనీల్లో చెల్లాచెదురుగా ఉన్నారు. 2020లో ఒక కంపెనీ మరో కంపెనీని కొనడంతో కోర్ బృందంలో ఒకే సంస్థ ఉద్యోగులు ఎక్కువయ్యే పరిస్థితి వస్తే, ఏ ఒక్క సంస్థ వాటా సగానికి మించకూడదన్న నియమాన్ని పాటించి కొత్తవాళ్లను చేర్చుకున్నారు. నేను లైసెన్సు పేజీకన్నా ముందు ఇలాంటి నియమాల కోసం వెతుకుతాను.

వేరే ఏదైనా ఎంచుకోవలసి వస్తే, దాని రిపాజిటరీలో, అంటే కోడ్ నిలవ ఉండే చోట, ఏడాదిపాటు జరిగిన మార్పులను రచయితల ఈమెయిలు చిరునామాల ప్రకారం విడదీసి చూడండి. దాదాపు అన్నీ ఒకే కంపెనీవైతే అది ఆ కంపెనీ ఉత్పత్తి, ఓపెన్ సోర్స్ దాని ప్రస్తుత అమ్మకపు పద్ధతి అనుకోండి. అలాంటిది వాడకూడదని కాదు. బయటపడే ఖర్చును ముందే లెక్కవేసుకుని వాడండి: డేటాబేస్‌ల ఉమ్మడి భాష అయిన ప్రామాణిక ఎస్‌క్యూఎల్‌కే పరిమితమవుతున్నారా, ఆ కంపెనీకి మాత్రమే ఉన్న సౌకర్యాల మీద ఎంత కోడ్ రాస్తున్నారు, డేటాను మామూలు రూపంలో బయటికి తీయగలరా, సోర్స్ నుంచి మీరే బిల్డ్ చేసుకోగలరా. ఈ చివరిదాన్ని కాగితం మీద ఒప్పుకుని వదిలేయకుండా ఒకసారి చేసి చూడండి. సెంట్‌ఓఎస్ 8 అనే తన ఉచిత లినక్స్ మద్దతు 2021 చివరికే ఆపేస్తామని రెడ్ హ్యాట్ 2020 డిసెంబర్‌లో ప్రకటించినప్పుడు, ఇన్‌స్టాలేషన్‌ను స్క్రిప్టులుగా రాసిపెట్టుకున్నవాళ్లు అలాంటివే అయిన ఆల్మాకో రాకీకో సులువుగా మారిపోయారు. చేత్తో సర్దుకుంటూ వచ్చిన సర్వర్లున్నవాళ్లకే చుక్కలు కనబడ్డాయి.

మీ యాజమాన్యం ‘మనమూ తిరిగి ఏదైనా ఇద్దాం’ అంటే ఏడాదికోసారి విరాళమిచ్చి చేతులు దులుపుకోనివ్వకండి. డబ్బు పనికిరాదని కాదు. చాలా ప్రాజెక్టుల్లో కోడ్ రాసేవాళ్లకన్నా వచ్చిన ప్యాచ్‌లను చదివి తప్పులు పట్టేవాళ్ల కొరత ఎక్కువ. మీరు ఆధారపడే లైబ్రరీల జాబితా తీసి, ఒక్కరే మోస్తున్నవాటిని గుర్తుపెట్టి, వాటిలో ఒకదానికి మీ బృందంలోని ఒకరి పని సమయంలో వారానికి ఒక రోజు కేటాయించమని అడగండి. మొదట్లో పాత బగ్ ఫిర్యాదులను మళ్లీ పరీక్షించి, తీరిపోయినవాటిని మూసేయడం లాంటి చాకిరీ చేస్తే చాలు. ఆ పనికి సీఎల్ఏ సంతకం కూడా అక్కర్లేదు.